గోలెంలో తలపెట్టిన పని

ఆ రోజుల్లో మా పాల్మాకుల దిక్కు ఎవరినైనా ఆపి నీకేం కావాలని అడిగితే ఒకటే జవాబు వచ్చేది: "లోపట పడితె చాలు." లోపట అంటే షంషాబాద్‌లో కొత్తగా తెరిచిన విమానాశ్రయం లోపల. ఏ పనికి అని ఎవరూ అడిగేవారు కాదు. ఊడ్చే పనా, తోసే పనా, మోసే పనా అన్నది అనవసరం. మెడలో కార్డు వేలాడితే చాలు, ఆ కార్డును స్నానానికి తప్ప తీయకుండా పెళ్లిళ్లకు కూడా వేసుకొచ్చేవాళ్లు మావాళ్లు. డిగ్రీ చదివిన నేను కూడా అడిగినవాళ్లకు అదే జవాబు చెప్పాను కాబట్టి వాళ్లను వెక్కిరించే హక్కు నాకు లేదు. (హక్కు లేకపోయినా వెక్కిరిస్తాను. నన్ను ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు.) ఇప్పుడు నలభై దాటి, మెట్లెక్కేటప్పుడు మోకాళ్లతో కూడా వాదించే వయసుకొచ్చాక వెనక్కి తిరిగి చూస్తే, ఆ నాలుగైదేళ్లు మా ఇంట్లో ఎంత నవ్వుకున్నామో అని ఆశ్చర్యం వేస్తుంది. నవ్వడానికి ఏమీ మిగలని ఇంట్లోకి అన్ని నవ్వులు ఎక్కణ్ణించి వస్తున్నాయని అప్పుడే ఒక్కసారి ఆలోచించి ఉంటే, ఇవాళ ఇది ఇంకోలా రాసేదాన్ని.

మా భూమి విమానాశ్రయంలోకి పోయింది. రన్‌వే కిందికి పోయిందో, కార్లు ఆపే చోటికి పోయిందో మాకు తెలియదు. మా అన్న మాత్రం విమానం దిగినప్పుడల్లా "మన జొన్న చేన్ల దిగింది" అనేవాడు. భూమి పోయిన మరుసటి ఏడు బాపు (మా నాన్న) పోయాడు. మేత లేక రెండు బర్రెలనూ అమ్మేశాం. వాకిట్లో మిగిలింది వాటి కుడితి గోలెం ఒక్కటే. గోలెం అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: నడుమెత్తు మట్టి తొట్టి, రెండు బర్రెలు ఎదురెదురుగా నిలబడి ఒకదాని కొమ్ము ఒకదానికి తగలకుండా తాగేంత వెడల్పు. బర్రెలు పోయాక అది నోరు తెరుచుకుని వాకిట్లో అలాగే ఉండిపోయింది. అమ్మేద్దామని అన్న అంటే అవ్వ ఒప్పుకోలేదు. (అవ్వ అంటే మా అమ్మే. మా దిక్కు తల్లిని అవ్వ అంటాం. ఈ మాట విని మా నాయనమ్మ అనుకున్న ఒక కోస్తా స్నేహితురాలు, "మీ అవ్వగారు ఇంకా ఉన్నారా, ఎంత అదృష్టం!" అంది నాతో ఒకసారి. నలభై ఎనిమిదేళ్ల మా అవ్వకు ఆ సంగతి చెప్పలేదు.)

మా అన్న కారు నడిపేవాడు. నేను లోపల పడ్డాను. నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి విమానం దాకా తోసుకెళ్లే పని. ఆ కుర్చీల విభాగానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. గుంటూరు దిక్కు నుంచి వచ్చి పట్నంలో స్థిరపడ్డ మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. మేమంతా ఆయన్ని వెనకాల సేఫ్టీ సార్ అనేవాళ్లం. ఆయన గొడుగు లేకుండా చలికాలంలో కూడా బయటికి వచ్చేవాడు కాదు. టీని సాసర్లో పోసి, ఊది, మళ్లీ కప్పులో పోసి, అప్పుడు తాగేవాడు. మనిషి మంచివాడే. నా మీద వచ్చిన ఫిర్యాదులన్నీ ఆయనే మోసేవాడు.

ఏటా ఏప్రిల్లో మా చేత ఒక కాగితం నింపించేవారు. ఈ ఏడాదిలో నువ్వు సాధించబోయే లక్ష్యం ఏమిటి అని పైన ఇంగ్లీషులో ఉండేది. దాన్ని అందరూ గోల్ షీటు అనేవారు, మేము గోల షీటు అనేవాళ్లం. మొదటి ఏడాది దాన్ని ఎలా నింపాలో సేఫ్టీ సార్ మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి బోధించాడు. "చూడండమ్మా, లక్ష్యం అనేది చెప్పుల జోడులాంటిది. కాలి కొలత చూసుకుని కొనుక్కోవాలి. పెద్దవి కొంటే జారి పడతారు. మీరు ఇప్పటికే ఏం చేస్తున్నారో అదే చేస్తామని రాయండి. ఏడాది చివర్లో పూర్తయిందని నేను టిక్కు పెడతాను. మీకూ క్షేమం, నాకూ క్షేమం." ముప్ఫైమందిమీ ఆయన చెప్పినట్టే రాశాం. సమయానికి వస్తాను, యూనిఫాం ఉతుక్కుంటాను, కుర్చీ బ్రేకు చూసుకుంటాను. నాకు ఆయనే ఒకటి ఎంచి ఇచ్చాడు: ప్రయాణికులతో చిరునవ్వుతో మాట్లాడతాను. ఇంతకంటే సులువైనది లేదనుకున్నాడు పాపం.

ఒక రోజు ఒక పెద్దమనిషి కారు దిగి, సామాను బండి తనే తోసుకుంటూ గబగబా వచ్చి, తనిఖీ దగ్గర పొడుగాటి వరస చూసి, "కుర్చీ, కుర్చీ" అంటూ నా దగ్గర కూలబడ్డాడు. కుర్చీ ఎక్కితే వరస తప్పుతుందని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. నేను చిరునవ్వుతోనే అడిగాను: "అయ్యా, కారు కాడికెల్లి ఉరుక్కుంట వచ్చిండ్రు గద, కుర్చీ కనవడంగనే కాళ్లు పడిపోయినయా?" ఆయన లేచి నిలబడి మరీ ఫిర్యాదు రాశాడు. ఏడాది చివర సేఫ్టీ సార్ నా కాగితం మీద టిక్కు పెట్టలేకపోయాడు. "ముప్ఫైమందిలో నవ్వు దగ్గర తప్పింది మీరొక్కరేనమ్మా," అన్నాడు, కోపం లేకుండా, నిజంగా దిగులుగా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు ఒక మూలకు, సంచి ఒక మూలకు విసిరి, "అవ్వా, నా గోల్ పోయింది," అన్నాను.

అవ్వ అన్నం వడ్డిస్తున్నదల్లా గరిటె పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. "ఏడ వోయిందే? గాడనే ఉన్నది గద గోలెం!"

అన్న తింటున్న ముద్ద నోట్లోంచి పడేదాకా నవ్వాడు. నాకు కోపంలో కూడా నవ్వొచ్చింది. ఇలాంటివి మా ఇంట్లో అప్పటికి మామూలైపోయాయి. ఫోన్ చార్జర్ ఏది అని అడిగితే, "చారా? పొయ్యి మీద ఉన్నది, పోస్కో," అనేది. టవర్ లేదు అని అన్న ఫోన్ పట్టుకుని తిరుగుతుంటే, "టవలా? తీగె మీద ఆరేసిన," అనేది. ఇవన్నీ అన్న కారులో ఎక్కినవాళ్లకు చెప్పి నవ్వించేవాడు, నేను కుర్చీల దగ్గర చెప్పి నవ్వించేదాన్ని. ఇంకో విశేషం కూడా గొప్పగా చెప్పుకునేవాళ్లం: విమానం నెత్తి మీదుగా పోతుంటే ఊరంతా చెవులు మూసుకుంటుంది, మా అవ్వ మాత్రం తల కూడా ఎత్తకుండా బియ్యం చెరుగుతుంది, అంత ధైర్యం!

"గోలెం గాదే అవ్వా, గోల్! గోల్!" అని అరిచాను. "ఏడాదిల ఏం జేస్తనో రాసియ్యాలె. ఏడాది ఒడిసేలోపట అది నింపాలె!"

నింపాలె అన్న మాట ఒక్కటే ఆమెకు అందినట్టుంది. గరిటె నా వైపు చూపించి అన్నది: "నింపేదే అయితె పెద్దది వెట్టుకోవాలె బిడ్డా. నువ్వేం వెట్టుకున్నవ్?"

"చిన్నదే. నవ్వుడు."

"గదే మరి. చెంబు వెట్టుకుంటె చెంబే నిండుతది. నిండినంక ఏం జేస్తవ్? గొంతు గూడ తడ్వది. గోలెం వెట్టుకో. సగం నిండినా రెండు బర్లు తాగుతయ్."

అన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను నవ్వడం ఆపాను. డిగ్రీలో మూడేళ్లు ఎందరో లెక్చరర్లు చెప్పలేని మాట, తప్పు విన్న మనిషి చెప్పింది. ఆ మాట నన్ను పట్టుకుంది.

నాకు మైకు మీద కన్నుండేది. కుర్చీ తోస్తూ రోజుకు వందసార్లు ఆ ప్రకటనలు వినేదాన్ని. ఇంగ్లీషు, హిందీ అయ్యాక చివరన తెలుగు. ఆ గొంతు ఎవరిదో చల్లగా, ఇస్త్రీ చేసినట్టుండేది. బాపు జొన్న చేలో పిట్టలను కొట్టడానికి కేకలేస్తే ఊరి చివరికి వినిపించేది. ఆ చేను ఉన్న చోట మా ఇంటి గొంతు ఒక్కసారి మళ్లీ మోగాలని ఒక పిచ్చి కోరిక. ఇది ఎవరికీ చెప్పలేదు. రెండో ఏడాది గోల షీటు రాగానే రాసిచ్చాను: ఏడాదిలోగా తెలుగు ప్రకటనలు నా గొంతుతో చెప్తాను.

సేఫ్టీ సార్ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అక్షరాలు మారలేదు. "ఇదేంటమ్మా? మీరు కుర్చీల విభాగం. కుర్చీ గురించి రాయండి."

"కుర్చీ తోసుకుంట గూడ నోరు ఉంటది సార్."

"అది నాకు తెలియనిదా!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి, మీ యాస ఉందే, అది మైకులో..." అని ఆగాడు.

"యాసకేమైంది సార్? మీరు మాట్లాడేది యాస కాదా?"

"మాది... అంటే... పుస్తకాల భాషకి దగ్గరండి."

"గట్లనా! మీది భాష, మాది యాస. విమానాలు దిగేది మాత్రం మా పొలంల!"

ఆయన ముఖం చూస్తే అంత మాట అనకుండా ఉండాల్సిందని అనిపించింది. (ఇలా అనిపించడం నాకు ఎప్పుడూ మాట అన్న తర్వాతే జరుగుతుంది.) ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు. మర్నాడు ఒక నోటుబుక్కు తెచ్చిచ్చాడు. అందులో పదిహేను ప్రకటనలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ ఎర్ర సిరాతో చిన్న గీత పెట్టాడు. "ముందు 'విజ్ఞప్తి' పలకండి," అన్నాడు. "ఇగ్నప్తి," అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ 'వ' కోసం ఆయన నాతో పడిన బాధ ఇంకెవరూ పడి ఉండరు. మేము 'విన్నా'ను ఇన్న అంటాం, 'వెయ్యి'ని ఎయ్యి అంటాం. పుట్టినప్పటి నుంచి మింగేసిన 'వ'లన్నీ ఒక్కొక్కటే కక్కించాడు.

ఇంట్లో సాధన చేస్తుంటే నా గొంతు నాకే పీలగా అనిపించేది. ఆ మాట అవ్వకు ఎదురుగా కూర్చుని చెప్పాను. అవ్వ చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కెళ్లింది. "గోలెంల తలవెట్టి మాట్లాడు. గొంతు మోగుతది. మా తల్లిగారూరు రావిర్యాలల చిన్నప్పుడు మేం గిట్లనే పాటలు పాడుకునేటోళ్లం." సరే అని వంగి, తల గోలెంలోకి దూర్చి, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అన్నాను. నిజంగానే మోగింది! పాత కుడితి వాసన ముక్కుకు కొడుతుంటే బొంబాయి విమానం, మద్రాసు విమానం, ఢిల్లీ విమానం అన్నీ ఆ గోలెంలోనే దించాను. ఇరవై నాలుగేళ్ల పిల్ల, డిగ్రీ పాసైన పిల్ల, పొద్దున్నే జుట్టు గోలెంలో పడేసుకుని విమానాలు దించుతుంటే పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి, "ఏందే, పిల్లకు గాలి గిట్ల సోకిందా? జర తాయెత్తు కట్టియ్యరాదు?" అన్నది అన్నతో. "సోకలే పెద్దమ్మా. మా చెల్లె పెద్ద పని తలపెట్టింది. గోలెంల తలపెట్టింది!" అన్నాడు వాడు. ఆ మాట వారంలో షంషాబాద్ బస్టాండు దాకా పోయింది.

రోజూ నేను గోలెంలో తల పెడితే, అవ్వ పక్కన పీట వేసుకుని కూర్చుని, అరచెయ్యి గోలెం పొట్టకు ఆనించి పెట్టుకునేది. గురువు తాళం వేస్తున్నట్టు. నేను తల ఎత్తి "ఎట్లున్నది?" అని సైగ చేస్తే, "ఇంక గట్టిగ," అనేది. ఇంకా గట్టిగా చెప్పేదాన్ని. "ఇంక గట్టిగ." ఒక రోజు విసుగొచ్చి తల బయటికి తీసి, "చెవుడా ఏంది నీకు? ఊరంత ఇనవడుతున్నది, నీకు ఇనవడతలేదా?" అని అరిచాను. అవ్వ నవ్వింది. అన్న నవ్వాడు. నేను కూడా నవ్వి మళ్లీ తల లోపల పెట్టాను. ఆ నవ్వులో ముగ్గురిలో ఒక్కరికే నిజం తెలుసు.

పరీక్ష రోజు వచ్చింది. చిన్న గది, మధ్యలో మైకు, అద్దం అవతల చెవులకు ఫోన్లు పెట్టుకున్న ఒక మేడం. నేను ఊపిరి పీల్చి, ఎర్ర గీతలన్నీ తలచుకుని, 'వ'ని పళ్లతో పట్టుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి!" అన్నాను. మేడం చెవుల ఫోన్లు లాగి బల్ల మీద పడేసింది. "అమ్మా, మైకు ఉంది కదా! ఎందుకలా అరుస్తున్నావు?" రెండోసారి మెల్లగా చెప్పబోయాను. ఆరు నెలలు గోలెంకు అలవాటు పడ్డ గొంతు మెల్లగా రానంది. మూడోసారికి మేడమే తలుపు దగ్గరికి వచ్చి, "ఉచ్చారణ బాగుంది. గొంతు కూడా బాగుంది. కానీ విమానాశ్రయంలో చిన్నపిల్లలు నిద్రపోతుంటారు," అని మర్యాదగా పంపేసింది.

తుక్కుగూడ దిక్కు పోయే షేరింగ్ ఆటో ఎక్కి, అది వేరే దారి అని సగం దూరంలో తెలిసి, దిగి, నడిచి ఇల్లు చేరాను. దారంతా నా తప్పు ఎవరి మీద వెయ్యాలా అని వెతుక్కుంటూ వచ్చాను. గుమ్మంలో అవ్వ కనిపించింది.

"అంత నీ తోటే!" అని అరిచాను. "గట్టిగ, గట్టిగ అని నా పానం తీసినవ్. గట్టిగ అన్నందుకే పంపించిండ్రు. సప్పుడు జేయకుంట కూసుంటె నేను పాసయ్యేదాన్ని. నీకేం ఎర్కని చెప్పినవే?"

అవ్వ నా పెదవులనే చూస్తూ నిలబడింది. నేను అరవడం ఆపాక, చాలా మెల్లగా, తన గొంతు తనకే తెలియనంత మెల్లగా అన్నది:

"నాకు ఇనవడతలేదు బిడ్డా. అందుకనే గట్టిగ అన్న."

అన్న అప్పుడే కారు తాళం గోడకు తగిలిస్తున్నాడు. తాళం కింద పడింది. ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను. అవ్వ ఉలిక్కిపడలేదు.

చెయ్యి గోలెంకు ఎందుకు పెట్టేదో నాకు అప్పుడు అర్థమైంది. తాళం వెయ్యడానికి కాదు. నా గొంతు ఆమెకు అరచేతిలోంచి అందేది.

మర్నాడే పట్నంలో చెవుల దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు పరీక్షలన్నీ చేసి, లోపలి నరం దెబ్బతిన్నదని, చాలా ముందే రావాల్సిందని చెప్పి, "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగాడు. అన్న, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. టవలు సంగతి బాపు పోయిన ఏడాది దసరా ముందు. చారు సంగతి ఆ తర్వాత ఎండాకాలం. గోలెం సంగతి పోయిన ఏప్రిల్. మాకు అన్నీ వరసగా గుర్తున్నాయి. కానీ డాక్టరుకు ఏమని చెప్పాలి? మా దగ్గర జబ్బు వివరాలు లేవు, జోకులు ఉన్నాయి.

తిరిగొచ్చేటప్పుడు కారులో అవ్వ భుజం పట్టుకుని, ముఖం నా వైపు తిప్పుకుని, "ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"చెప్పేదేమున్నది? మీ బాపు వోయినంక ఇంట్ల ఎవ్వలు నవ్వలె. నేను టవలు అన్న దినం మీ అన్న కడుపు పట్టుకుని నవ్విండు. మంచిగనిపించింది. ఇగ ఊకున్న."

ముందు సీట్లో అన్న కారు పక్కకు ఆపి, ఇంజన్ వేడెక్కిందని దిగాడు. ఇంజన్‌కు ఏమీ కాలేదు.

చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. వారం రోజులు పెట్టుకుని, "పేలాలు వేంపినట్టు టపటప అంటున్నది, మాట మాత్రం రాదు," అని తీసి బియ్యం డబ్బాలో దాచిపెట్టింది, తేమ తగలకుండా. మేమిద్దరం ఆమె ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా మాట్లాడడం నేర్చుకున్నాం. ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి. ఒకసారి ఆమె ఏదో తప్పు విని ఏదో అని, మేము నవ్వుతామని మా ముఖాల వైపు ఆశగా చూసింది. మేము నవ్వలేకపోయాం. అంతకంటే చెడ్డ పని ఆమెకు మేము చేసింది ఇంకొకటి లేదనిపిస్తుంది ఇప్పుడు.

ఏప్రిల్ వచ్చింది. గోల షీటు మీద 'సమయానికి వస్తాను' అని రాసి సేఫ్టీ సార్ బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంటే, "ఆగండమ్మా," అన్నాడు. "ఇదేంటి? మీ అమ్మగారి గోలెం ఏమైంది?" ఆ కథ నేనే ఒకప్పుడు నవ్వించడానికి చెప్పాను.

"చెప్పుల జోడు కాలికి తగ్గట్టు ఉండాలని మీరే చెప్పిండ్రు గద సార్."

ఆయన టీ సాసర్లో పోశాడు. ఊదడం మర్చిపోయాడు. "ఇరవై రెండేళ్లుగా లక్ష్యాలు రాస్తున్నానమ్మా, ఇక్కడా, అంతకుముందు వేరే చోటా. ఒక్కటి కూడా తప్పలేదు. అన్నిటికీ టిక్కులే. వచ్చే ఏడు రిటైరవుతున్నాను. ఇది చేశానర్రా అని మనవలకి చెబుదామంటే ఒక్కటి గుర్తు రావట్లేదు." కొత్త కాగితం తీసి నా ముందుకు తోశాడు. "మీరు పోయినసారి తప్పారు. అది మాత్రం నాకు బాగా గుర్తుంది." పెన్ను తీసుకున్నాను.

ఈసారి గోలెంలో గుసగుసలాడడం నేర్చుకున్నాను. మెల్లగా చెప్తే అవ్వ అరచేతికి అందదు. అయినా పీట వేసుకుని కూర్చునేది. "ఇంక గట్టిగ" అనలేదు ఒక్కసారి కూడా. పెదవులు చూద్దామంటే నా తల గోలెంలో ఉండేది. ఏమీ అందకుండానే రోజూ అరగంట కూర్చునేది, చెయ్యి మాత్రం తీయకుండా.

రెండోసారి పరీక్షలో పాసయ్యాను. పూర్తిగా కాదు. అసలు మనిషి సెలవు పెట్టిన సాయంత్రాలు మాత్రమే, అదీ విమానాలు వచ్చే వైపు మాత్రమే, అదీ చివరి తెలుగు ముక్క మాత్రమే. మిగతా రోజులు మళ్లీ కుర్చీలే. అవ్వకు వేళ్లతో లెక్కపెట్టి వివరించాను. "సగమా?" అన్నది. సగమే అన్నాను. "సగం శాన," అని లోపలికి పోయి బియ్యం డబ్బా తెరిచి మిషన్ తీసింది. "ఇనేతందుకు వస్తా."

ఏం వింటుంది? వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. నారాయణపేట చీర కట్టుకుని, చెవికి మిషన్ పెట్టుకుని అన్న కారులో ముందు సీట్లో కూర్చుంది. నన్ను లోపలికి పంపి, వాళ్లిద్దరూ బయట, వచ్చేవాళ్ల కోసం జనం ఎదురుచూసే చోట నిలబడ్డారు. ఆ తర్వాతి సంగతి అన్న చెప్పగా విన్నదే, ఎందుకంటే నేనున్న గదికి కిటికీ లేదు.

అవ్వ అక్కడ స్తంభాలన్నీ చూసుకుంటూ పోయి, పైన స్పీకరు ఉన్న స్తంభం వెతికి పట్టి, దానికి అరచెయ్యి ఆనించి నిలబడిందట. ఇంగ్లీషు అయింది. హిందీ అయింది. నా గొంతు వచ్చింది. అన్న సైగ చేశాడు. అవ్వ అరచెయ్యి గట్టిగా అదిమింది. అది మట్టి గోలెం కాదు, సిమెంటు స్తంభం. మోగలేదు. రెండో చెయ్యి కూడా పెట్టింది. అన్నకు ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదట.

నా పని కాగానే పరుగెత్తుకొచ్చాను. అవ్వ ఒక బెంచీ మీద కూర్చుని ఉంది. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, పెదవులు కనబడేలా, "ఇన్నవా?" అన్నాను.

"ఇన్న."

నా నోరు నాది కాదు కదా. "అబద్ధం! ఏం ఇన్నవ్ చెప్పు?"

"ముందుగాల అందరు కూసున్నరు," అన్నది అవ్వ. "ఒకలు పండుకున్నరు, ఒకలు ఫోన్ సూస్తున్నరు, ఒక ముసలామె కాళ్లు వత్తుకుంటున్నది. నువ్వు చెప్పంగనే ఆ ముసలామె లేశింది. పిల్లను సంకనేసుకున్నామె లేశింది. అందరు లేశి గా కమ్మీల కాడికి ఉరికిండ్రు. గంతమందిని లేపినవ్. ఇంకేం ఇనాలె?"

ఇంగ్లీషు, హిందీ అయినప్పుడు లేవనివాళ్లు, మా అమ్మలాంటివాళ్లు, తెలుగు ముక్కకు లేచారు. అది కిటికీ లేని గదిలో నాకు కనబడలేదు. అవ్వ గమనించింది. నా బతుకులో ఎదుటి మనిషి మాటకు ఎదురు చెప్పకుండా ఒప్పుకున్న సాయంత్రం అదొక్కటే.

అవ్వ పోయి ఇప్పుడు కొన్నేళ్లయింది. సేఫ్టీ సార్ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరిన పిల్లలు చిన్న చిన్న లక్ష్యాలు రాసి తెస్తే తిప్పి పంపుతాను. ఏం రాయాలని అడిగితే, తొట్టి ఎంత పెద్దదో ముందు చెప్పమంటాను. మేడంకు మతి చలించిందని వెనకాల అనుకుంటారు. (నాకేం పేరు పెట్టారో కూడా తెలుసు, ఇక్కడ రాయను.) విమానాశ్రయాల్లో ప్రకటనలు కూడా తగ్గిపోయాయి. జనం తెరలు చూసుకుని, పక్కవాళ్లు లేస్తే తామూ లేస్తున్నారు, అచ్చం మా అవ్వలాగే. నేను అంత కష్టపడి సాధించిన సగం గోలెం కూడా ఆవిరైపోయిందన్నమాట.

అసలు గోలెం మాత్రం నా దగ్గరే ఉంది. షంషాబాద్‌లో నేను కిరాయికుండే మూడో అంతస్తు బాల్కనీలో. లిఫ్టులో పట్టకపోతే నలుగురు మనుషులు మెట్ల మీదుగా మోసుకొచ్చారు, "ఇందుల ఏం వెట్టుకుంటవ్ అక్కా?" అని అడుగుతూ. తల అని చెప్తే బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు నడుము అంతగా వంగదు. అయినా ఒక్కో సాయంత్రం, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు, వంగగలిగినంత వంగి, ఆ ఇరవై నాలుగేళ్ల పొగరుబోతు పిల్లను తలచుకుని నవ్వుకుంటూ, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటాను. 'వ' ఇప్పటికీ తప్పదు. కింది అంతస్తు నుంచి వెంటనే కేక వస్తుంది: "ఆంటీ, జర మెల్లగ!" మెల్లగా అనేవాళ్లు ఇప్పుడు చుట్టూ చాలామంది ఉన్నారు. ఇంక గట్టిగ అనే మనిషే లేదు.